పికప్ బండికి డీజిల్ లెక్క: అసలు మైలేజీ ఎంతో పక్కాగా తెలుసుకునే పద్ధతి

పికప్ ఉన్న ఎవరినైనా మైలేజీ ఎంతొస్తోందని అడగండి, ఠక్కున ఒక నంబరు చెప్తారు. పన్నెండు అంటారు, పద్నాలుగు అంటారు, ఒకరిద్దరు పదహారు కూడా అంటారు. ఎంత లోడు మీద, ఏ రూట్లో, ఎలా లెక్కేస్తే అంత వచ్చిందని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. పక్కన లోడు రాయని మైలేజీ నంబరు దేనికీ పనికిరాదని నేను గట్టిగా చెప్తాను. ఖాళీ బండికి వచ్చే మైలేజీ వేరు, టన్నున్నర ఎక్కించి ఘాట్ ఎక్కితే వచ్చేది వేరు, రెండూ కలిపి ఒకటే నంబరు చెప్పుకుంటే బాడుగ మాట్లాడేటప్పుడు నష్టపోయేది మనమే.

ఇక్కడ చెప్పేదంతా డీజిల్ పికప్ గురించి. బొలెరో పికప్ అయినా, టాటా యోధ, ఇంట్రా అయినా, అశోక్ లేలాండ్ దోస్త్ అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ అయినా పద్ధతి ఒక్కటే.

ఇదంతా ఎందుకు అనేవాళ్లకు ముందు డబ్బు లెక్క చెప్తాను. లెక్క సులువుగా ఉండేందుకు లీటరు డీజిల్ 96 రూపాయలు అనుకుందాం, మీ ఊళ్లో రేటు ఎంతుంటే అంత వేసుకోండి. బండి లీటరుకు 12 ఇస్తే కిలోమీటరుకు డీజిల్ ఖర్చు 8 రూపాయలు. అదే బండి ఏదో చిన్న రిపేరు వల్ల 10కి పడిపోతే 9 రూపాయల 60 పైసలు. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి అది 4,800 రూపాయల తేడా. రోజూ కొట్టించేది కొంచెం కొంచెమే కాబట్టి ఆ 4,800 పోయినట్టు ఎక్కడా కనిపించదు, నెలాఖరులో ఈఎంఐకి డబ్బు చాలనప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

ముందు ఒక నోట్‌బుక్

పెద్దగా ఏమీ అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు అరలో పట్టే చిన్న పొడుగు నోట్‌బుక్, దానికి దారంతో కట్టిన పెన్ను చాలు. పెన్ను కట్టమని ఊరికే చెప్పడం లేదు, బంకులో పెన్ను దొరక్క ‘తర్వాత రాద్దాంలే’ అనుకున్న రోజే లెక్క తెగిపోతుంది. ఫోన్‌లో రాసుకునే అలవాటుంటే గూగుల్ షీట్ పెట్టుకోండి, ఫ్యూలియో లాంటి యాప్‌లు కూడా ఉన్నాయి, అవే మైలేజీ లెక్కేసి చూపిస్తాయి. కానీ బండి డ్రైవర్ నడుపుతూ లెక్క మీరు చూసుకునేటట్టయితే నోట్‌బుక్కే మేలు, ఎవరి ఫోనూ అవసరం ఉండదు.

ఒక్కో వరసలో రాయాల్సినవి ఇవి: తేదీ, మీటరు రీడింగ్, ఎన్ని లీటర్లు, లీటరు రేటు, మొత్తం రూపాయలు, ట్యాంకు ఫుల్ చేశారా లేదా, ఏ బంకు, పోయినసారి కొట్టించినప్పటి నుంచి ఏ రూట్లో ఎంత లోడుతో తిరిగింది. చివరన ‘గమనిక’ అని కొంచెం ఖాళీ వదలండి. గాలి కొట్టించాం, ఎయిర్ ఫిల్టర్ మార్చాం, రెండు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం, ఇలాంటివి అక్కడ రాయాలి. ఆర్నెల్ల తర్వాత వెనక్కి తిప్పి చూసుకుంటే అన్నింటికంటే పనికొచ్చేది ఆ ఖాళీలో రాసిందే.

రీడింగ్ అంటే ఓడోమీటర్‌లో ఉండే మొత్తం కిలోమీటర్లు. ట్రిప్ మీటర్ నమ్ముకోకండి, మధ్యలో ఎవరో ఒకరు దాన్ని జీరో చేసేస్తారు. డిస్‌ప్లేలో బండి తనంతట తాను చూపించే యావరేజ్‌ను కూడా లెక్కలోకి తీసుకోవద్దు, అది అంచనా మాత్రమే. డీజిల్ ముల్లు సంగతి చెప్పనక్కర్లేదు. ఫుల్ నుంచి సగానికి దిగడానికి ఒక దూరం పడుతుంది, సగం నుంచి రిజర్వ్‌కు దిగడానికి ఇంకో దూరం పడుతుంది, ట్యాంకు ఆకారం అలా ఉంటుంది. ముల్లు చూసి ‘క్వార్టర్ ట్యాంకుకు ఇంత వచ్చింది’ అని చెప్పే మైలేజీకి విలువ లేదు.

ఫుల్ నుంచి ఫుల్ దాకా

పద్ధతి చెప్పడానికి చాలా సింపుల్. ఒకసారి ట్యాంకు ఫుల్ చేయించి రీడింగ్ రాసుకోండి. ఆ మొదటిసారి పట్టిన లీటర్లతో పని లేదు. అక్కడి నుంచి మామూలుగా తిరగండి. మళ్లీ కొట్టించేటప్పుడు ఫుల్ చేయించి రీడింగ్, లీటర్లు రాయండి. ఈ రీడింగ్‌లోంచి పాత రీడింగ్ తీసేస్తే తిరిగిన దూరం, ఇప్పుడు పట్టిన లీటర్లే ఆ దూరానికి తాగిన డీజిల్. దూరాన్ని లీటర్లతో భాగిస్తే మైలేజీ. 511 కిలోమీటర్లు తిరిగి 42.6 లీటర్లు పట్టిందంటే దాదాపు 12 వచ్చినట్టు.

తేడా వచ్చేదంతా ‘ఫుల్’ అనే మాట దగ్గరే. డీజిల్ ట్యాంకులో పడేటప్పుడు నురగ వస్తుంది. నాజిల్ ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వేగంగా కొడితే ఆ నురగ పైకి లేచి నాజిల్ మూతికి తగులుతుంది, ఇంకా రెండు మూడు లీటర్ల ఖాళీ ఉండగానే ఆటో కట్ అయిపోతుంది. ఒకసారి నురగ మీద కట్ అయి, ఇంకోసారి మెడ దాకా నింపితే అక్కడే రెండు లీటర్ల తేడా. 40 లీటర్లలో 2 లీటర్లంటే నూటికి 5, మైలేజీ 12 ఉన్నది 12.6గానో 11.4గానో కనిపిస్తుంది. బండిలో ఏమీ మారలేదు, నింపిన తీరు మారిందంతే.

అందుకని ఒక పద్ధతి పెట్టుకుని ప్రతిసారీ అలాగే చేయించండి. బండి ఇంజిన్ ఆపి, సమంగా ఉన్న చోట నిలపాలి. ఒక పక్కకు ఒరిగి ఉంటే పట్టే లెక్క మారిపోతుంది, కాబట్టి వీలైతే ప్రతిసారీ అదే బంకు, అదే పంపు. మొదటి కట్ పడ్డాక అర నిమిషం ఆగమనండి, నురగ కుదురుకుంటుంది. తర్వాత ట్రిగ్గర్ మెల్లగా నొక్కి రెండో కట్ దాకా కొట్టించండి, అక్కడితో ఆపేయండి. చిల్లర రౌండ్ చేద్దామని మూత దాకా పొంగించొద్దు. బండి ఎండలో నిలబడితే డీజిల్ వ్యాకోచిస్తుంది, ఖాళీ లేకపోతే బయటికి కారుతుంది. బిల్లు 3,387 వచ్చినా 3,412 వచ్చినా అంతే ఇవ్వండి, యూపీఐ ఉన్న ఈ రోజుల్లో రౌండ్ ఫిగర్‌తో పనేముంది?

వెయ్యికి కొట్టించే అలవాటు ఉంటే

మనలో చాలామంది ఫుల్ ట్యాంక్ ఎప్పుడోగానీ కొట్టించరు. చేతిలో ఉన్నదాన్ని బట్టి వెయ్యికో రెండు వేలకో కొట్టిస్తారు, పార్టీ అడ్వాన్స్ ఇస్తే ఇంకో వెయ్యికి కొట్టిస్తారు. తప్పేం లేదు, రోజువారీ బాడుగల మీద బతికే బండికి అదే వీలవుతుంది. అలా కొట్టించినా లెక్క తప్పకుండా ఉండాలంటే, మధ్యలో కొట్టించిన ప్రతిదాన్నీ లీటర్లలో రాసి, మళ్లీ ఫుల్ చేయించిన రోజు అన్నీ కలపాలి.

ఉదాహరణకు నోట్‌బుక్ ఇలా ఉందనుకుందాం:

12వ తేదీ, రీడింగ్ 84,210, ఫుల్. లెక్క ఇక్కడ మొదలు.
14వ తేదీ, రీడింగ్ 84,455, వెయ్యి రూపాయలకు 10.42 లీటర్లు, ఫుల్ కాదు.
17వ తేదీ, రీడింగ్ 84,750, 34.58 లీటర్లు, ఫుల్.

14వ తేదీన మైలేజీ కట్టకూడదు, అప్పుడు ట్యాంకులో ఎంత మిగిలిందో మనకు తెలియదు. 17న కట్టాలి. 84,750లోంచి 84,210 తీసేస్తే 540 కిలోమీటర్లు. 10.42, 34.58 కలిపితే 45 లీటర్లు. మైలేజీ సరిగ్గా 12. మధ్యలో ఒక్క వెయ్యి రూపాయల బిల్లు రాయడం మర్చిపోయినా ఇదే బండి 15.6 ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఊళ్లో వినిపించే గొప్ప గొప్ప మైలేజీల్లో చాలావాటి వెనక ఇలా రాయని బిల్లు ఒకటి ఉంటుందని నా గట్టి నమ్మకం.

వారానికి ఒక్కసారైనా, అది కుదరకపోతే రెండు వారాలకు ఒకసారైనా ఫుల్ చేయించండి.

లోడు కాలమ్: అసలు లెక్క ఇక్కడే

మదనపల్లె టమోటా బండినే తీసుకోండి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి మార్కెట్లో క్రేట్లు ఎక్కించుకుని చెన్నై కోయంబేడు పోయే బండికి పోయేటప్పుడు నిండా లోడు, కానీ మొత్తం మీద దిగుడు. వచ్చేటప్పుడు ఖాళీ, కానీ ఎక్కుడు. అదే మదనపల్లె నుంచి బెంగళూరు పోయే బండికి నిండా లోడుతో ఎక్కుడు, ఎందుకంటే బెంగళూరు 900 మీటర్ల పైనే ఉంటుంది. రెండు బండ్లూ ఒకే కంపెనీవి, ఒకే సంవత్సరం మోడల్, ఒకే బరువు ఎత్తినా మైలేజీ ఒక్కటి కాదు. మూడు టన్నుల మొత్తం బరువును 700 మీటర్లు పైకి లాగడానికే, రోడ్డు రాపిడి, గాలి కాకుండా, దాదాపు లీటరున్నర డీజిల్ కావాలి. ఇది ఫిజిక్స్ లెక్క, డ్రైవర్ ఎంత పనిమంతుడైనా తగ్గేది కాదు.

అందుకే ఒకవైపు ప్రయాణానికి మైలేజీ కట్టకండి. ఎక్కడ బయల్దేరామో అక్కడికి తిరిగొచ్చి, అదే బంకులో ఫుల్ చేయించి, రానూపోనూ కలిపి కట్టండి. దిగిన ఎత్తంతా మళ్లీ ఎక్కి వస్తాం కాబట్టి లెక్క సమానం అవుతుంది.

లోడు ఎంతో కిలోల్లో పక్కాగా తెలియాల్సిన అవసరం లేదు. కాటా చీటీ ఉంటే అందులోది రాయండి, లేదంటే క్రేట్లు లెక్కబెట్టి ఒక క్రేటు బరువుతో గుణించండి, బస్తాలైతే ఇంకా సులువు. నేను చెప్పేది మూడు రకాలుగా గుర్తు పెట్టమని: ఖాళీ, సగం, ఫుల్. రానూపోనూ లోడు ఉందా, ఒకవైపేనా అన్నది కూడా. ‘పోను ఫుల్, రాను ఖాళీ’ అని రాస్తే చాలు. రెండు మూడు నెలలు రాశాక ఒక్కో రకానికి ఒక్కో మైలేజీ మీ కళ్ల ముందే తేలుతుంది, అప్పటి నుంచి మీ బండికి ఒక నంబరు కాదు, మూడు నాలుగు నంబర్లు ఉంటాయి.

బరువు ఒక్కటే చూసినా సరిపోదు. కడియం నర్సరీల నుంచి మొక్కలు తీసుకుపోయే బండి చూడండి, బరువు తక్కువే ఉండొచ్చు గానీ క్యాబిన్ కంటే ఎంతో పైకి లేచి ఉంటుంది, గాలంతా దానికే కొట్టుకుంటుంది. గాలి అడ్డం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే అడ్డం నాలుగింతలు అవుతుంది. దూది, థర్మాకోల్, ఖాళీ క్రేట్లు, ఫర్నిచర్ లాంటివి ఎక్కించినప్పుడు 80లో పోతే సిమెంటు లోడు కంటే ఎక్కువ తాగినా ఆశ్చర్యం లేదు. ఇలాంటి లోడుకు నోట్‌బుక్‌లో ‘ఎత్తు’ అని పక్కన రాసి పెట్టండి. టార్పాలిన్ వదులుగా ఉండి పటపటా కొట్టుకుంటున్నా అంతే, తాడు బిగించి కట్టడానికి పట్టే ఐదు నిమిషాలు వృథా కావు.

సగటు ఎలా కట్టాలి

చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. ఒకసారి 100 కిలోమీటర్లకు 12 లీటర్లు, అంటే 8.3. ఇంకోసారి 500కు 36 లీటర్లు, అంటే 13.9. రెండూ కలిపి రెండుతో భాగిస్తే 11.1 వస్తుంది. అది తప్పు. మొత్తం 600 కిలోమీటర్లు, మొత్తం 48 లీటర్లు, అసలు సగటు 12.5. ఎప్పుడైనా కిలోమీటర్లన్నీ కలిపి, లీటర్లన్నీ కలిపి, అప్పుడు భాగించాలి. ఒక్క ట్యాంకు చూసి సంతోషపడొద్దు, కంగారూ పడొద్దు, నింపడంలో వచ్చే తేడా ఒక్క ట్యాంకులో పెద్దగా కనిపిస్తుంది, నాలుగు ట్యాంకులు కలిపితే దాదాపు మాయమైపోతుంది.

ఇంకో మాట. 8 నుంచి 10కి పెరగడం, 12 నుంచి 14కి పెరగడం రెండూ ఒకటే లాభం అనిపిస్తుంది కదా, కాదు. 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో చూడండి. 8 ఇచ్చే బండికి 12.5 లీటర్లు, 10 ఇస్తే 10 లీటర్లు, మిగిలింది రెండున్నర లీటర్లు. 12 ఇచ్చే బండికి 8.33, 14 ఇస్తే 7.14, మిగిలింది లీటరు పైచిలుకు మాత్రమే. మీకు రెండు మూడు బండ్లు ఉండి, మెకానిక్ దగ్గరికి ముందు ఏది పంపాలో తేల్చుకోవాలంటే అన్నిటికన్నా తక్కువ ఇచ్చేదాన్నే పంపండి, రూపాయి అక్కడే మిగులుతుంది.

మీటరు కిలోమీటర్లు సరిగ్గా చూపిస్తోందా అన్నది కూడా ఒకసారి చూసుకోవాలి. హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ 40, 50 కిలోమీటర్లు పోయి రీడింగ్‌తో పోల్చండి, లేదా ఫోన్ జీపీఎస్‌తో పోల్చండి. టైర్లు అరిగేకొద్దీ చక్రం కొంచెం చిన్నదవుతుంది, దాంతో మీటరు నిజంగా తిరిగినదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. కొత్త టైర్లు వేయించిన నెలలో మైలేజీ కొంచెం పడినట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం. సైజు మార్చి టైర్లు వేయిస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

బంకులో

కొట్టడం మొదలయ్యే ముందు బండి దిగి పంపు ఎదురుగా నిలబడండి. క్యాబిన్‌లో కూర్చుని అద్దంలోంచి చూస్తే సరిపోదు. లీటర్లు, రూపాయలు రెండూ సున్నాలు చూపించాలి, రేటు ఆ రోజు రేటే అయి ఉండాలి. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రేట్లు రోజూ ఉదయం 6 గంటలకు సవరించే పద్ధతి వచ్చింది, కాబట్టి నిన్నటి రేటు పట్టుకుని వాదించకండి, బోర్డు చూడండి. జాగ్రత్త పడాల్సిన పాత ఎత్తు ఒకటుంది. మీరు రెండు వేలు అంటే ఐదొందల దగ్గర ఆపేసి ‘అయ్యో, ఎంతన్నారన్నా’ అని అడిగి, జీరో చేయకుండా పదిహేను వందల దగ్గర ఆపుతారు. చేతికి వచ్చింది మొత్తం పదిహేను వందల డీజిల్, కట్టేది రెండు వేలు. మధ్యలో ఆపితే, అక్కడిదాకా ఒక బిల్లు ఇవ్వమని అడిగి, మిగిలింది జీరో నుంచి కొట్టమనండి. ఆ సమయంలో ఎవరైనా ఇంజిన్ ఆయిల్ గురించో, కార్డు గురించో మాట కలిపితే పంపు మీద నుంచి చూపు తిప్పకండి.

కొలత మీద అనుమానముంటే గొడవ పడక్కర్లేదు. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగినవాళ్లకు దాంతో కొలిచి చూపించాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను ఒప్పుకుంటారు, అంతకు మించి తక్కువ పడితే ఆ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. మర్యాదగా అడగండి, అది మన హక్కు. నోట్‌బుక్‌లో బంకు పేరు రాయమన్నది కూడా అందుకే. ఒకే లోడు, ఒకే రూటు, ఒక బంకులో కొట్టించిన ప్రతిసారీ మైలేజీ తక్కువ వస్తుంటే అనుమానించాల్సింది బండిని కాదు. అయితే ఒకటి రెండుసార్లు చూసి తీర్పు చెప్పేయకండి, నాలుగైదు ఫుల్ ట్యాంకులు చూశాకే ఒక మాట అనుకోండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి, తీసుకోగానే ఫోన్‌లో ఫొటో తీయండి. ఆ కాగితం మీద అచ్చు వేడికి వెలిసిపోతుంది, మే నెలలో డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే కొన్నాళ్లకే తెల్లకాగితం మిగులుతుంది.

తెల్లవారుజామున కొట్టిస్తే డీజిల్ చల్లగా ఉండి ఎక్కువ వస్తుందని చాలామంది నమ్ముతారు. డీజిల్ వేడికి వ్యాకోచించే మాట నిజమే, పది డిగ్రీలకు నూటికి ఒకటి కంటే తక్కువ. కానీ బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పగలూ రాత్రీ దాని వేడి పెద్దగా మారదు. అందుకోసం నాలుగింటికి లేవక్కర్లేదు, రద్దీ లేకుండా నిదానంగా కొట్టించుకోవచ్చని అయితే పొద్దున్నే పోండి. ఫుల్ చేయిస్తే బరువు పెరిగి మైలేజీ పడిపోతుందన్నది ఇంకో నమ్మకం. 60 లీటర్ల డీజిల్ బరువు 50 కిలోలు, అంటే ఒక సిమెంటు బస్తా. టన్నున్నర ఎత్తే బండికి అదొక లెక్క కాదు.

ట్యాంకు పావు వంతుకు దిగేలోపు కొట్టించే అలవాటు చేసుకోండి, ఇది మైలేజీ కోసం కాదు, ఇంజిన్ కోసం. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో హైప్రెషర్ పంపుకు లూబ్రికేషన్ డీజిలే. ట్యాంకు ఎండిపోయి గాలి పట్టిందంటే నడిరోడ్డు మీద లైన్లో గాలి తీయించుకోవడం ఒక పని, పంపు, ఇంజెక్టర్లు దెబ్బతింటే ఆ ఖర్చు వేరే. వానాకాలం ట్యాంకు ఖాళీగా ఉంచితే లోపల చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి, డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఆ నీళ్లు తీసేయడం మెకానిక్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. రోడ్డు పక్కన క్యాన్లలో, డ్రమ్ముల్లో ఐదారు రూపాయలు తక్కువకు అమ్మే డీజిల్, బయోడీజిల్ అని చెప్పి పోసేది, ఏదైనా సరే దండం పెట్టి వచ్చేయండి. బీఎస్6 బండి ఇంజెక్టర్లు అలాంటి సరుకు తట్టుకోవు.

డెఫ్ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) పోసే బండి అయితే దానికి వేరే పేజీ పెట్టండి, డీజిల్ లీటర్లలో కలపొద్దు.

మైలేజీ పడిపోయినప్పుడు

ఒకే రకం లోడు, ఒకే రూటులో వరసగా మూడు నాలుగు ట్యాంకులు నూటికి పది తగ్గితే అప్పుడు బండి వైపు చూడాలి. మొదటే ఇంజిన్ విప్పించకండి. ఖర్చు లేనివాటి నుంచి మొదలుపెట్టండి.

టైరు గాలి పొద్దున్నే, బండి తిరగకముందు చూడాలి. తిరిగి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. వెనక టైర్లకు లోడును బట్టి ఎంతుండాలో డోరు దగ్గర స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది, పంక్చర్ షాపులో అలవాటుగా పెట్టే నంబరు కాదు. తర్వాత బ్రేకులు. ఇరవై కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపి, నాలుగు చక్రాల దగ్గర అరచేయి దూరంగా పెట్టి చూడండి, తాకొద్దు, కాలుతుంది. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగలు కక్కుతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉంది, డీజిల్ అక్కడ కాలుతోంది. సమంగా ఉన్న సిమెంటు నేల మీద ఖాళీ బండిని న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు నెడితే కదలాలి, కదలకపోయినా అదే అనుమానం.

ఎయిర్ ఫిల్టర్ మిర్చి, పత్తి, ఇసుక తోలే సీజన్లో కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మూసుకుపోతుంది. క్లచ్ జారుతుంటే ఎక్కుడులో ఇంజిన్ మోత పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు, కాలిన వాసన కూడా రావచ్చు. నల్ల పొగ వస్తుంటే, బండి లాగకపోతే, అప్పుడు ఇంజెక్టర్లు, టర్బో పైపులు చూపించాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి ఆ మసి కాల్చుకునేటప్పుడు కాస్త ఎక్కువ తాగుతుంది, మరీ తరచుగా అలా చేస్తుంటే సర్వీసులో చెప్పండి. ట్యాంకు కింద, ఫిల్టర్ దగ్గర తడి కూడా చూడండి, దుమ్ము పట్టి నల్లగా జిడ్డుగా ఉన్నచోట డీజిల్ కారుతున్నట్టే.

నడిపే తీరు సంగతికి వస్తే, పెట్రోలియం పొదుపు కోసం పనిచేసే కేంద్ర సంస్థ పీసీఆర్ఏ 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మంచిదని చెప్తుంది. బాడుగ టైము ఒప్పుకోదంటారు, సరే, 80 నుంచి 65కి దిగినా నోట్‌బుక్‌లో తేడా కనిపిస్తుంది. మండీలో లైను కదిలేదాకా ఇంజిన్ ఆన్‌లో ఉంచితే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెప్తున్నాను. ఘాట్‌లో న్యూట్రల్‌లో దింపకండి. మొగిలి ఘాట్ అయినా, శ్రీశైలం ఘాట్ అయినా, అరకు రోడ్డు అయినా. న్యూట్రల్‌లో దింపితే డీజిల్ మిగులుతుందనుకోవడం ఇప్పటి ఇంజిన్లకు తప్పు కూడా. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, కంప్యూటర్ డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ పోస్తూనే ఉండాలి. పైగా బరువంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టడం మానేస్తాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పెద్ద డ్రైవర్ల మాట డీజిల్‌కూ మంచిదే, ప్రాణానికీ మంచిదే.

బండి డ్రైవర్ చేతిలో ఉంటే

ఇది సున్నితమైన విషయం. మైలేజీ తగ్గగానే ‘డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడు’ అనే మాట చాలా తొందరగా వచ్చేస్తుంది. లోడు కాలమ్ లేకుండా ఆ మాట అనడానికి మనకు హక్కు లేదు. పోయిన నెల ప్లాస్టిక్ కుర్చీలు తోలి ఈ నెల టైల్స్ తోలినవాణ్ని అదే మైలేజీ ఎందుకు రాలేదని అడిగితే మంచి డ్రైవర్ మానేసి పోతాడు. నోట్‌బుక్ అతని చేతే రాయించండి, లెక్క కలిసి కూర్చుని చూడండి. తగ్గితే ముందు పైన చెప్పినవన్నీ చూపించండి. అన్నీ బాగుండి, అదే లోడు, అదే రూటులో మీరు స్వయంగా ఒకసారి పోయి వచ్చినా తేడా ఉంటే అప్పుడు మాట్లాడండి, అదీ నలుగురిలో కాదు. లోడును బట్టి ఇంత రావాలని ఇద్దరూ ఒప్పుకున్న నంబర్లు పెట్టుకుని, అంతకంటే మిగిల్చిన డీజిల్ డబ్బులో సగం బత్తాతో పాటు అతనికే ఇస్తే, టైరు గాలి చూడమని రోజూ చెప్పే పని మీకు ఉండదు.

ఎక్కడ కొట్టించాలి

వ్యాట్ రాష్ట్రానికో రకంగా ఉండటం వల్ల సరిహద్దు దాటితే రేటు మారుతుంది. అనంతపురం వైపు వాళ్లు కర్ణాటకలో, చిత్తూరు వైపు వాళ్లు కర్ణాటకలోనో తమిళనాడులోనో, కాకినాడ వైపు వాళ్లు పుదుచ్చేరి కిందకొచ్చే యానాంలో ట్యాంకు నింపుకోవడం చూస్తూనే ఉంటాం. దారిలో తగిలితే తప్పకుండా నింపండి. దాని కోసమే ప్రత్యేకంగా పోవాలంటే నోట్‌బుక్ తీసి లెక్క వేయండి. లీటరుకు 5 రూపాయలు తక్కువ, 40 లీటర్లు పడుతుందంటే మిగిలేది 200. పోను పది, రాను పది కిలోమీటర్లు ఎక్కువ తిరగాలంటే, కిలోమీటరుకు 8 రూపాయల చొప్పున 160 అక్కడే పోతుంది. మిగిలిన 40 రూపాయల కోసం ముప్పావు గంట, టైరు అరుగుదల. 12 కిలోమీటర్లు దాటి పక్కకు పోవాల్సి వస్తే ఆ 40 లీటర్ల మీద లాభం లేదు, మీ బండి మైలేజీ, ఆ రోజు రెండు చోట్లా ఉన్న రేటు వేసుకుంటే మీ హద్దు ఎన్ని కిలోమీటర్లో తెలిసిపోతుంది. అది నోట్‌బుక్ అట్ట లోపల రాసి పెట్టుకోండి.